ఏ తాత ఇంట్లో కార్యం?

యాభై దాటినా మా వదిన లసినెమ్ జోగ్జా పట్నం చూడలేదు. మెరాపి కొండ మీద పాడి ఆవుల్ని వదిలి ఎక్కడికొస్తుంది? "ఈ ఈతకి దూడ పుట్టనీ, తీసుకెళ్తా" అని మా అన్న తుకిరన్ ఏటా అనేవాడు. ఆయన పోయి పద్నాలుగేళ్ళు. మొన్న తనే బస్సు దిగి, "మీ అన్న చూపిస్తానన్నవన్నీ నువ్వు చూపించు" అంది. వచ్చినవాళ్ళకి ఊరు తిప్పి చూపించడమే నా బతుకుతెరువు. కాదనడానికేముంది?

సుల్తాను కోటకి తీసుకెళ్ళాను. "ఒక్క మనిషికి ఇన్ని వసారాలా! ఊడ్చేవాళ్ళ నడుం ఏం గాను?" అంది. కోటగెడెలో పాత రాజుల సమాధుల దగ్గర గొంతు సవరించుకుంటే, "తెల్లోళ్ళకి చెప్పే కబుర్లు నాకొద్దు మరిదీ" అని నా నోరు మూయించింది. ప్రంబనన్ గుళ్ళ వంక తలెత్తి కూడా చూడలేదు. ఎక్కడికెళ్ళినా ఒకటే అడగడం:

"నువ్వాయనకి కబురు చెప్పింది ఇక్కడేనా?"

"ఇక్కడ కాదు వదినా."

మధ్యాహ్నానికి ఇక తప్పలేదు. రాణులు స్నానాలాడిన కొలనులు దాటించి, సొరంగంలోంచి నేలకింది గుండ్రటి మసీదులోకి దింపాను. అయిదు మెట్లదారులు కలిసేది అక్కడే. అప్పట్లో అన్న ఆ గోడలకి సున్నం పని చేసేవాడు, ఆయనకి ఫోనుండేది కాదు.

"ఇక్కడే" అన్నాను.

వదిన మెట్టు మీద కూలబడింది. "ఆ రోజు ఫోన్లో నీకేం చెప్పాను?"

"తాత కార్యం పెట్టుకున్నాడు, మీ అన్నకి చెప్పు, అన్నావు."

మావాళ్ళు కొండని తాత అంటారు. తాత నిప్పులు కక్కబోతుంటే 'కార్యం పెట్టుకున్నాడు' అంటారు. పేలిందన్న మాట కొండ చెవిన పడకూడదు. వదిన కబురుకి అర్థం ఒకటే: నేను దిగిపోతున్నా, నువ్వు పైకి రాకు.

"నన్ను కాపాడ్డానికొచ్చి పోయాడని ఊరంతా అంటుంది" అంది వదిన. "బూడిదలోంచి తీసినప్పుడు ఆయన ఒంటిమీద పెళ్ళిళ్ళకేసుకునే బాతిక్ చొక్కా. కాపాడ్డానికొచ్చేవాడు ముస్తాబవుతాడా? అప్పుడు కాలిపోయిన మన పాత ఊళ్ళోకి గడ్డికెళ్తే, పొద్దు వాలేటప్పుడు ఆయన గొంతు వినబడుతుంది. ఒక్కనాడూ నన్ను పిలవడు. 'కార్యం ఎవరింట్లో?' అని అడుగుతాడు. ఇన్నేళ్ళూ అదే మాట."

"అన్న అడిగాడు వదినా, 'ఏ తాత?' అని. ఆ ఊళ్ళోనే ఉండే అమ్మ తరఫు తాత ఆ నెల్లోనే మనవరాలి పెళ్ళి చేస్తానంటున్నాడు కదా. రేడియోలో ఇంకా ఏమీ రాలేదు. పదేళ్ళు పట్నంలో బతికి కొండ మాట మరిచిపోయాను. 'మన తాతే, ఇంకే తాత?' అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళి చొక్కా మార్చుకున్నాడు."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"అయితే నాకోసం రాలేదన్నమాట" అంది. చాలాసేపు గోడ నిమురుతూ కూర్చుని, చప్పున లేచింది. "పద. తప్పు చెప్పింది నువ్వు. దిద్దాల్సిందీ నువ్వే."

పాత ఊరు చేరేసరికి, జీపుల్లో చూడ్డానికొచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. కప్పుల్లేని గోడలు, కరిగి వంకరపోయిన సైకిలు, చెప్పుల కింద కరకరలాడే బూడిద. కొండ మబ్బులో ఉంది. వదిన వాళ్ళ ఇంటి మొండిగోడ దగ్గర నిలబడ్డాం.

పొద్దు వాలింది. వీధి మలుపులోంచి, దారి తప్పిన చుట్టంలా మర్యాదగా వచ్చిందా గొంతు.

"ఏవండీ, కార్యం ఎవరింట్లో?"

వదిన నా వీపు మీద ఒక్క పోటు పొడిచింది.

"అన్నా, నేను వకీజన్‌ని. ఎవరింట్లోనూ కార్యం లేదు. నేనే తప్పు చెప్పాను. కొండ... కొండ పేలింది అన్నా."

ఆ మాటకి వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎక్కడో రాళ్ళు దొర్లి ఆగాయి.

ఈసారి గొంతు బాగా దగ్గర్నుంచి వచ్చింది, వగరుస్తూ.

"లసినెమ్ దిగిపోయిందా?"

"దిగిపోయానండీ" అంది వదిన, భుజాన వేసుకున్న బట్ట కొంగుని నోటికడ్డం పెట్టుకుని. "మీరూ దిగి రండి."