ఓదెలు గుంట

నేను ఒక షావెల్‌ని. పెరట్లో మట్టి తీసే పారను కాదు. కరెంటుతో నడిచే, రెండంతస్తుల మేడంత ఎత్తున్న, ఇనుప తాళ్లతో బకెట్‌ను పైకి లాగి బొగ్గుగనిలో మట్టినీ బొగ్గునూ తవ్వి డంపర్లలో పోసే యంత్రాన్ని. ఇప్పుడు గని పక్క తుక్కు యార్డులో ఒక వైపుకు ఒరిగి ఉన్నాను. నా మెడ కోయవలసిన గ్యాస్ కట్టర్ మనిషి టీ తాగడానికి వెళ్లాడు. అతను వచ్చేలోపు చెప్పవలసింది చెప్పేస్తాను.

ఎక్కడో దూరాన కర్మాగారంలో నన్ను పోతపోశారు. ముక్కలుగా రైలెక్కించి గోదావరి దరిదాపుల్లోని, నేలను పైనుంచే తవ్వే ఈ ఓపెన్‌కాస్ట్ గనికి తెచ్చి నిలబెట్టారు. ఆ రోజు నా పట్టాల కింద నిమ్మకాయలు పెట్టారు, బకెట్‌కు పసుపు పూశారు, కొబ్బరికాయ కొట్టారు. అంత భక్తిగా పసుపు పూసినవాళ్లు తర్వాత గ్రీజు పూయడం మాత్రం తరచూ మరిచిపోయేవాళ్లు. మనుషులంతే. మొదట నన్ను నడిపిన మైసయ్య మీటలను పగవాడి చెవుల్లా మెలిపెట్టేవాడు. అతని తర్వాత వచ్చినతను నా సీట్లో కూర్చుని హాయిగా కునుకు తీసేవాడు. అప్పుడు ఓదెలు వచ్చాడు.

ఓదెలు అంతకుముందు భూగర్భ గనిలో పనిచేశాడు. పైకప్పు కూలి ఎడమ పాదం నలిగింది. ఎక్కువ నడవలేడు, బరువు ఎత్తలేడు. కానీ నా పని ఎక్కువగా చేతులతోనే కదా, అందుకని అతనికి నా సీటు ఇచ్చారు. అది దొరక్కపోతే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపేవాళ్లు. ఇల్లంటే కంపెనీ క్వార్టరే. ఉద్యోగం పోతే అదీ పోతుంది. ఆ క్వార్టర్ ముందు అతని భార్య పోశవ్వ చిక్కుడు పాదు పెట్టింది. మొదటి కాపు కాయలు నాలుగు తెచ్చి ఓదెలు నా అద్దం దగ్గర పెట్టుకున్నాడు. అవి ఎండి గలగలమనేదాకా తీయలేదు.

మాకూ డంపర్లకూ ఒక భాష ఉంది. డంపర్ వెనక్కి వచ్చి సరిగ్గా నిలబడగానే నేను ఒక కూత వేస్తాను. అంటే ఆగు, పోస్తున్నాను అని. నిండాక రెండు కూతలు. అంటే ఇక వెళ్లు అని. దుమ్ములో మాటలు వినబడవు. అందుకే గనిలో అందరూ నా కూతకు కట్టుబడతారు. ఆగమనేదీ నేనే, వెళ్లమనేదీ నేనే. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

పాత డంపర్లు అరిగిపోయాయి. పెద్దవి కొనాలనుకున్నారు. ఒక్కో ట్రిప్పుకు ఎన్ని టన్నులు మోస్తాయి, ఎంత డీజిల్ తాగుతాయి, నా బకెట్ ఎన్నిసార్లు పోస్తే నిండుతాయి, అన్నీ చూశారు. మేనేజర్ పురుషోత్తం సారు తొందరపడే మనిషి కాదు. ముందు ఒక్క బండి తెప్పించి, "ట్రయల్ చేద్దాం. బకెట్ అడుగు తెరుచుకున్నా డంపర్ అంచుకు తగలకూడదు. తగిలితే ఈ షావెల్‌ను తీసేసి ఎత్తయిన లోడర్ కొందాం" అన్నాడు.

ఆ బండి నడపడానికి రాజేశాన్ని వేశారు. అతను పోశవ్వ తమ్ముడు. నా పక్కన తెచ్చి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావా! గీ బండి ముంగట నీ షావెల్ పొట్టిదైంది. ఇగ ముక్కాలిపీట ఎక్కియ్యాలె దీన్ని!"

ఓదెలు నవ్వలేదు. నా బకెట్ ఎత్తగలిగినంత ఎత్తి, దాని అడుగు తలుపు తెరిచి చూశాడు. అంచుకు తగిలింది. ఇనుము మీద ఇనుము గీసుకున్న ఆ చప్పుడుకు అతను మీటలు వదిలేశాడు.

"రాజేశం, ఇది పోతె నేనుగూడ తుక్కే. మీ అక్కను తీస్కొని యాడికి పోవాలె?"

"ఏం జేద్దమంటవ్ మరి?"

"బండి నిలబడే జాగ జర లోతు జేస్త. నువ్వు సక్కగ అండ్లనే పెట్టు. ఎవ్వలకు చెప్పకు."

రాజేశం దిగి, బండి నిలబడే చోటును అడుగులతో కొలిచాడు. "సరే తియ్ బావా" అన్నాడు చివరికి.

నా పళ్లతోనే నేల గీకించాడు ఓదెలు. గుంట అని తెలియకుండా బొగ్గు పొడి చల్లించాడు. మర్నాడు సార్లు వచ్చారు. డంపర్ గుంటలో దిగి నిలబడింది. నా బకెట్ అంచు మీదుగా సాఫీగా వెళ్లి వచ్చింది. అందరి తలలూ బకెట్‌తో పాటు పైకి లేచాయి. ఒక్కరూ కిందికి చూడలేదు. చప్పట్లు కొట్టారు. నన్ను ఉంచారు, పెద్ద డంపర్లు వచ్చాయి.

ఇక నేను ఎక్కడికి జరిగితే అక్కడ ముందు గుంట తవ్వాల్సిందే. మిగతా షిఫ్టుల వాళ్లు అది పనిలో భాగమనుకుని నేర్చుకున్నారు. 'ఓదెలు గుంట' అని దానికి పేరు కూడా పెట్టారు. తన పేరు వినబడినప్పుడల్లా ఓదెలు ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

వానలు మొదలయ్యాయి. చుట్టూ ఉన్న నీళ్లన్నీ గుంటలోకే వచ్చేవి. పంపు పెట్టి తోడినా అడుగున బురద మిగిలేది.

"బావా, నా బండికి తానం గుంట తవ్వినవా ఏంది!" అని రాజేశం మొదట్లో నవ్వేవాడు. రోజులు గడిచేకొద్దీ నవ్వడం మానేశాడు. "సారుకు చెప్పు బావా. నిండు బండి లేస్తలేదు" అన్నాడు ఒకసారి.

"గీ వానలు పోనియ్. చెప్త."

వానలు పోలేదు. ఒక మధ్యాహ్నం నేను తవ్వుతున్న గోడ పైభాగంలో నెర్రె కనబడింది. అందరూ బయటికి రావాలని సైరన్ మోగింది. రాజేశం డంపర్ నా పక్కనే గుంటలో ఉంది, నిండుగా ఉంది. ఓదెలు రెండు కూతలు వేశాడు. డంపర్ గట్టిగా ఊగింది. టైర్లు ఉన్నచోటనే తిరిగాయి. బురద ఎగిరి నా అద్దానికి కొట్టింది. మళ్లీ ఊగింది. ఇంకా లోపలికి దిగింది.

అప్పటికే పైనుంచి రాళ్లు రాలుతున్నాయి. క్యాబిన్ మీద ఇనుప రేకు ఉంది కాబట్టి రాజేశం బతికి ఉన్నాడు. దిగితే తల పగులుతుంది. దిగకపోతే గోడ మొత్తం మీద పడుతుంది. కిటికీలోంచి అతని అరుపు వినబడింది. "బావా! అక్కకు చెప్పు బావా!"

ఏం చెప్పాలో వినబడలేదు.

ఆ క్షణం ఓదెలు నన్ను వెనక్కి నడిపించుకుని పోవచ్చు. నా నడక ఎద్దుబండి కన్నా నిదానం, నిజమే. అయినా అప్పుడే కదిలి ఉంటే మేమిద్దరం బయటపడేవాళ్లమేమో. అతను గోడకు నా వీపు తిప్పాడు. బకెట్‌ను డంపర్ తోక వెనక దించాడు. అతని పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. దేవుడినో నన్నో తెలియదు, "నూకు, నూకు, నూకు తల్లీ" అంటున్నాడు. మళ్లీ రెండు కూతలు వేశాడు. రాజేశానికి అర్థమైంది. అతను తొక్కాడు, నేను నెట్టాను. నా చేతిలో ఏదో విరిగింది. డంపర్ ఒక్కసారిగా ఒడ్డెక్కి ముందుకు దూకింది.

నా వీపు మీద గోడ కూలింది. కరెంటు పోయింది.

క్యాబిన్ ముందు వైపు ఉండడంతో ఓదెలు మిగిలాడు. రాజేశం గడ్డపార పట్టుకుని పరుగెత్తి వచ్చి, అద్దం పగలగొట్టి అతన్ని లాగాడు. కుడి కాలు కూడా నుజ్జయింది. స్ట్రెచర్ పక్కన నిలబడి పురుషోత్తం సారు నా వైపూ గుంట వైపూ మార్చి మార్చి చూశాడు.

"ట్రయల్‌లో గుంట లేదు కదా? మరి అప్పుడు ఎట్లా అందింది?"

"ఉండె సార్" అన్నాడు ఓదెలు. "నేనే తవ్విన."

"బండి అండ్ల పెట్టింది నేను సార్" అన్నాడు రాజేశం.

సారు కోప్పడతాడనుకున్నాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను ఒక్కసారి కిందికి చూసి ఉంటే సరిపోయేది" అన్నాడు.

రాజేశాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఓదెలుకు అన్‌ఫిట్ రాశారు. నన్ను ఇక్కడికి ఈడ్చుకొచ్చారు.

ఇందాక యార్డు గేటు దగ్గర ఒక ఆటో ట్రాలీ ఆగింది. మంచం, బిందెలు, గ్యాస్ పొయ్యి, వాటి మధ్య పోశవ్వ. ఆమె కొంగులో ఏదో ముడి వేసుకుని ఉంది. చిక్కుడు గింజలయ్యుంటాయి. క్వార్టర్ తాళం చెవి ఆఫీసులో ఇచ్చేసి, రెండు కర్రల మీద ఓదెలు నా దగ్గరికి వచ్చాడు. నా బకెట్ పన్ను మీద అరచెయ్యి పెట్టాడు.

"నిన్ను ఉంచుకుందామనే తవ్విన" అన్నాడు. "నిన్నే మింగింది."

నాకు నోరుంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. రాజేశం బతికి ఉన్నాడు కదా అని చెప్పేదాన్నేమో. అది అతనికి తెలుసు. తెలిసినా అతని భుజాలు లేవలేదు. "జల్ది రా, ట్రాలీ అతను లొల్లి వెడుతుండు" అని పోశవ్వ పిలిచింది. అతను వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

కట్టర్ మనిషి టీ తాగి వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని మంట వెలిగించాడు. నీలంగా, సన్నగా ఉంది. యార్డు పక్కనే డంపర్లు తిరిగే హాల్ రోడ్డు. నిండు డంపర్ ఒకటి ఎక్కి వస్తోంది. ఆ ఇంజను చప్పుడు నాకు తెలుసు, రాజేశం బండి. నా ఎదురుగా వచ్చి నిదానించింది.

రెండు కూతలు వేసింది.