కదలని మూడు

"మూడు దగ్గర గీత గీసినట్టుండాది వదినా. నిన్నట్నుంచీ కదల్లే. అన్న రాసిందంటే అంతే మరి."

ఫోనులో ఎడ్విన్ గొంతు సంబరంగా ఉంది. అతను కుప్పంలో చిన్న పిల్లల క్లినిక్ నడుపుతున్నాడు, బీనా భర్త కరుణాకర్‌కి స్నేహితుడు. అతను చెప్పేది క్లినిక్‌లో టీకాల ఫ్రిజ్‌కి తగిలించిన బోర్డు సంగతి. ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో కొలిచి తెర మీద చూపించడం ఆ బోర్డు పని. దాన్ని నడిపించే లైబ్రరీ, అంటే సి భాషలోని కోడ్, కరుణాకర్ రాసింది. విండోస్, లినక్స్ కంప్యూటర్లలో ఏళ్ల తరబడి నడిచింది. అతను పోయాక దాన్ని ఈ చౌక బోర్డుల మీదికి తెచ్చింది బీనాయే. ఇప్పుడు అదే క్లినిక్‌కి రెండో బోర్డు సంచిలో పెట్టుకుని మదనపల్లెలో బస్సెక్కింది.

"నువ్వు బాగుండావా?" అన్నాడు ఎడ్విన్.

"బాగుండా."

సమాధి దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఎవరడిగినా అదే జవాబు.

"ఫ్రిజ్ తలుపు తీస్తాండారా?"

"పొద్దున్నుంచీ తీస్తానే ఉండాం."

"తీసినప్పుడు ఎంత?"

"మూడే."

బీనా కిటికీలోంచి చూసింది. ఎదురుగా టమోటా లారీలు వరసగా వస్తున్నాయి. తలుపు తీస్తే ఏ ఫ్రిజ్‌లోనైనా అంకె కాస్తయినా కదలాలి. భయం వేయాల్సిన సమయమే. వేయలేదు. బుర్ర మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"థర్మోస్టాట్ ముట్టుకున్నావా?"

"కరెంటు మాటిమాటికీ పోతాండాది కదా. ఉన్నప్పుడే బాగా చల్లబడనీలే అని మొన్న రాత్రి ఆఖరుకు తిప్పినా. ఈడ అందరూ అట్లే చేస్తారు. అప్పుడు ఊడిన బోర్డు ప్లగ్గు నిన్న పొద్దున్నే మళ్లీ పెట్టినా."

"సూదులు ఆపు ఎడ్విన్."

"యాల? మందు పొద్దున్నే ఐసు పెట్టెలోకి తీసినా. సీసాలు మామూలుగానే ఉండాయి."

గడ్డకట్టి కరిగిన టీకా కూడా మామూలుగానే కనిపిస్తుంది. కానీ అందులో సత్తువ ఉండదు. బిడ్డకు సూది పడుతుంది, జబ్బు వచ్చిననాడు కాపాడేదేమీ ఉండదు.

"గట్టి కారణం చెప్పు వదినా. అమ్మలు పల్లెల నుంచి ఆటోల్లో వచ్చి కూసోనుండారు. పోయినసారి జరాలొచ్చినాయని ఈసారి సగం మంది రాలే. ఉత్తినే పంపిస్తే ఈళ్లు కూడా మళ్లీ నా గడప తొక్కరు."

"పుంగనూరు రాగానే చెప్తా."

"అందాకా ఏదో ఒకటి సెప్పి నెట్టుకొస్తా. అంతకు మించి నా వల్ల కాదు."

ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి లైబ్రరీ పరీక్షలన్నీ నడిపింది. పాస్. మైనస్ అంకెలూ పాస్. బోర్డుకైతే ఇదివరకు ఇంట్లో, దాని సెన్సరును సోడా అంగడి ఐసులో ముంచి చూసింది, అంతే. ఐసు సున్నా దగ్గరే ఆగిపోతుంది. అంతకన్నా కిందికి ఆ బోర్డును ఆమె ఎప్పుడూ తీసుకెళ్లలేదు.

పుంగనూరు బస్టాండులో కుల్ఫీ బండి ఉంది. కుండ చుట్టూ ఐసు, ఐసులో గుప్పెళ్లకొద్దీ రాళ్లుప్పు. ఉప్పు పడితే ఐసు సున్నా దాటి కిందికి పోతుంది. బీనా సెన్సరు వైరు తీసి బండాయన మునెప్ప ముందు నిలబడింది.

"ఇది ఐసులో పెట్టి చూడాలప్పా."

"ఏమ్మా, నా ఐసుకు జరమొచ్చిందా?" మునెప్ప గోనెపట్ట పక్కకు లాగాడు. "సూడు సూడు. వచ్చుంటే సెప్పు, నేనూ ఇంటికి పోయి పండుకుంటా."

ముందు ల్యాప్‌టాప్‌కి తగిలించింది. మైనస్ ఎనిమిది. వైరు బయటికి తీసి, వేడెక్కనిచ్చి, బోర్డుకు తగిలించి మళ్లీ ముంచింది. ఇరవై. పదకొండు. నాలుగు. ఒకటి.

ఒకటి.

ఒకటి. వేళ్లు ఎర్రబడేదాకా ఐసులో పెట్టి చూసింది. ఒకటే.

కోడ్ తెరిచింది. కొలిచిన అంకెను దాచే చోట కరుణాకర్ 'చార్' అని రాశాడు. ల్యాప్‌టాప్ చిప్‌లో ఆ గడి మైనస్‌ను పట్టుకోగలదు. బోర్డు చిప్‌లో అదే గడికి మైనస్ తెలియదు. మైనస్ ఎనిమిదిని రెండు వందల నలభై ఎనిమిది అనుకుంటుంది. కింది వరుసలో కరుణాకర్ ఇంకో జాగ్రత్త పెట్టాడు. నమ్మలేని అంకె వస్తే వైరు ఊడినట్టు లెక్క, బోర్డు ఆపి మళ్లీ వేసినా సరే చివరి మంచి అంకెనే చూపిస్తూ ఉండు. వైరు కదిలినప్పుడల్లా అలారం మోగుతోందని నర్సులు ప్లగ్గు పీకేస్తుంటే చేసిన పని అది.

'చార్' ముందు, మైనస్ కూడా ఉంటుందని చెప్పే 'సైన్డ్' అన్న ఒక్క మాట చేర్చింది. ఫోను నెట్‌లో కుప్పం బోర్డుకు పంపింది.

"ఎడ్విన్, బోర్డు ఆపి మళ్లీ వెయ్యి."

ఫోనులో ఫ్యాను చప్పుడు, ఎవరో బిడ్డ ఏడుపు. ఒకామె గొంతు పెంచి అంటోంది, "ఇంకా ఎంతసేపు సామీ, ఈ బిడ్డ పెండ్లి కూడా ఈడనే సేసి పంపిస్తారా?"

తర్వాత ఎడ్విన్ గొంతు. చాలా మెల్లగా.

"మైనస్ నాలుగు వదినా."

"ఎవరికైనా వేశారా?"

"లేదు. మొదటి పాప సెయ్యి తుడిసి ఆపినాం."

"మందంతా పక్కన పెట్టేయ్."

"వీళ్లకేమని సెప్పేది?"

"ఆ అంకె చూపించు. మిగతాది నేనొచ్చి చెప్తా. తప్పు లైబ్రరీది, నీది కాదని వాళ్ల ముందే చెప్తా."

కండక్టర్ విజిల్ వేశాడు. మునెప్ప చేతిలో పెట్టిన కుల్ఫీతోనే బస్సెక్కింది. అది మణికట్టు మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. రెండో చేత్తో కోడ్‌లో కింది వరుస వెతికింది. చివరి మంచి అంకెనే చూపిస్తూ ఉండు. తీసేసింది. అంకె నమ్మలేనిదైతే తెర మీద 'తెలీదు' అని రావాలని రాసింది. మిగతా ఊళ్ల బోర్డులన్నిటికీ పంపింది.

పలమనేరు దాటాక ఎడ్విన్ మళ్లీ ఫోన్ చేశాడు. అమ్మలు తిట్టుకుంటూ పోయారు. ఇద్దరు మాత్రం ఫ్రిజ్ దగ్గరికొచ్చి అంకె చూసి, కొత్త మందు ఎప్పుడొస్తుందని అడిగారు. మిగతావాళ్ల ఇళ్లకు తనే పోయి చెబుతానన్నాడు.

"నేనూ వస్తా నీతో," అంది బీనా.

"సరే." ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "వదినా, నువ్వు బాగుండావా?"

బస్సు ఘాట్ రోడ్డు దిగుతోంది. మణికట్టు మీద ఎండిన కుల్ఫీ జిగటను ఆమె కొంగుతో తుడుచుకుంది.

"తెలీదు ఎడ్విన్."

అవతల అతను కుర్చీ జరిపి లేచిన చప్పుడు వినిపించింది.

"బస్టాండుకు వస్తాండాను. దిగి ఆడనే ఉండు."