ఉతికి ఆరేసిన రోజు

ఇంట్లో ఆమెను మార్కులమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది భర్త. పెళ్ళయిన కొత్తలో అతను కాచిన టీ తాగి, "రంగు బాగుంది, వేడి చాల్లేదు, పదికి ఆరు" అన్నదట. అప్పటినుంచి అతను ఏ పని చేసినా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి "ఎన్నండీ?" అంటాడు. ఆమె ఉద్యోగమే అది మరి. జనం సొమ్ముతో కట్టినవి ఎవరికి మేలు చేశాయి, ఎవరి కొంప ముంచాయి అని వెళ్ళి చూసి, అడిగి, కొలిచి, తేల్చి రాయడం. దాన్ని మూల్యాంకనం అంటారు. నోరు తిరగని పేరే గానీ ఆ పనంటే ఆమెకు ప్రాణం. గొంతు లేనివాళ్ళ మాట పైవాళ్ళ చెవిన పడేది తనలాంటివాళ్ళ వల్లేనని గట్టి నమ్మకం.

ఈసారి పని ఊరి చివర చెత్త కాల్చే ప్లాంటు గురించి. దాన్ని ఆనుకునే ఒక కాలనీ ఉంది. పొగ మీద గొడవ ముదిరితే నగరపాలక సంస్థ డబ్బిచ్చి గొట్టానికి ఫిల్టరు పెట్టించింది. అది పనిచేస్తోందని నివేదిక వస్తే ప్లాంటుకు రెండో గొట్టం మంజూరవుతుంది. పనిచెయ్యడం లేదంటే ఉన్న గొట్టానికే ఎసరు. మార్కులమ్మ బృందం వెళ్ళిన ప్రతిసారీ గాలి శుభ్రంగా ఉందనే యంత్రాలు చూపించాయి. యంత్రాలకన్నా ఆమెకు నచ్చింది తను తీసిన ఫోటో. ప్రతి బాల్కనీలోనూ తీగల నిండా బట్టలు, దుప్పట్లు, తెల్లటి పరదాలు. కింద మూలన చేతులు చాచి పరుగెత్తుతున్న ఓ పిల్ల. దాన్ని నివేదికకు అట్ట మీది బొమ్మగా పెట్టి, కింద తనే ఒక వాక్యం రాసింది: "గాలి మీద ప్రజలకు నమ్మకం తిరిగి వచ్చింది."

ఇంటికి తెచ్చి చూపిస్తే అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"బాగుంది గానీ అమ్మాయ్, ఇల్లిల్లూ ఒకే రోజు ఉతుక్కున్నారేమిటి? పరదాలతో సహా."

"ఆ రోజే కుళాయి వచ్చి ఉంటుంది అత్తయ్యా."

"మన పరదాలు దించి ఎన్నాళ్ళయిందో గుర్తొచ్చి కుళ్ళుకుంటోంది మా అమ్మ" అన్నాడు భర్త. అందరూ నవ్వారు. అత్తగారి మాటను మార్కులమ్మ చెవిన వేసుకోలేదు.

నివేదిక పైకి పంపే ముందు కాలనీవాళ్ళకు చదివి వినిపించాలని పట్టుబట్టింది ఆమే. బృందానికి పెద్ద అయిన పెద్దసారు విసుక్కున్నాడు. అందరినీ అడగనే అడిగాం కదా, మళ్ళీ ఎందుకు ఈ తతంగం అన్నాడు. వాళ్ళ గురించి రాసింది వాళ్ళు వినాలి సార్ అని ఆమె మొండికేసింది. కొలిచేదేమీ లేదు కాబట్టి ఈసారి వస్తున్నామని ప్లాంటుకు ఉత్తరం పంపలేదు.

కాలనీ ముందు కారు దిగగానే ఆమెకు గొంతు పట్టేసింది. కాలిన ప్లాస్టిక్ కంపు. తలెత్తి చూస్తే బాల్కనీల్లో తీగలన్నీ బోసిగా ఉన్నాయి. పెద్దసారు కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. తెల్ల రుమాలు మీద నల్లటి చార పడింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇవాళ గాలి ఇటు వీస్తున్నట్టుంది" అన్నాడు.

కాలనీ హాల్లో కిటికీల సందులన్నింటికీ టేపు అంటించి ఉంది. జనం నిండుగా కూర్చున్నారు. మార్కులమ్మ దగ్గుకుంటూనే మొదలుపెట్టి, గోడ మీద ఆ ఫోటో వేసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తుండగానే హాలు హాలంతా నవ్వింది. అది సరదా నవ్వు కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా, ఎందుకో తెలియక, వెర్రిదానిలా తనూ ఓ నవ్వు నవ్వింది.

ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. ఆసుపత్రివాళ్ళకు తెల్లకోట్లు కుట్టే టైలరు ఆవిడ. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఏమీ అనుకోకండి మేడం. అది మా ఉతుకుళ్ళ రోజు. మీరు వచ్చే ముందు ప్లాంటువాళ్ళకి ఉత్తరం రాస్తారు కదా. దాని కాపీ మా బోర్డుకీ అంటిస్తారు. అది చూడగానే ఇంటింటా బట్టలు నానబెడతాం. ఎందుకంటే మీరొచ్చే రోజు వాళ్ళు మంట ఆపేస్తారు. మిగతా రోజుల్లో తెల్లకోటు ఆరేస్తే సాయంత్రానికి బూడిదగుడ్డ."

"మరి ఇంటింటికీ వచ్చి అడిగినప్పుడు గాలి బాగుందన్నారు కదా" అంది మార్కులమ్మ.

"మీరేం అడిగారు? 'ఈ రోజు గాలి ఎలా ఉంది' అని అడిగారు. ఆ రోజు బాగుంది, బాగుందన్నాం. నిన్న ఎలా ఉందో చెప్పబోతే, వద్దమ్మా, ఈ రోజు సంగతే చెప్పాలి అన్నారు."

నిజమే. పాత జ్ఞాపకాలు కలిస్తే లెక్క చెడుతుందని ఆ ప్రశ్నను అలా చెక్కింది మార్కులమ్మే. చెక్కినందుకు మురిసిపోయింది కూడా.

టైలరు గోడ మీది ఫోటోలో కింది మూలను చూపించింది. "ఆ పరుగెత్తేది మా అమ్మాయి. దానికి ఆయాసం జబ్బు. ఆ ఒక్క రోజే కిందికి వదులుతాను. మేడంవాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా అని అడుగుతూ ఉంటుంది. మీ మీద ప్రేమతో కాదు."

ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. హాలు మొత్తం కలిసి వాళ్ళిద్దరినీ ఉతికి ఆరేసింది. మార్కులమ్మ తల దించుకుని ప్రతి మాటా రాసుకుంది. పెద్దసారు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

కారెక్కాక ఆమె అడిగింది. "మీకు ముందే తెలుసా సార్?"

"తెలియకేం. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడ్చుకోని వాళ్ళెవరు? చూసిందే మనం రాస్తాం. చూడనిది మన పని కాదు. ముందుగా చెప్పి వెళ్ళాలని ప్లాంటుతో చేసుకున్న ఒప్పందంలో ఉంది. పద్ధతి అది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇందాక సిగ్గుతో దిగిన తల కోపంతో లేచింది. పసిపిల్ల ఊపిరి కోసం తమ ఉత్తరానికి ఎదురుచూస్తుంటే, ఈ మనిషికి అది పద్ధతి.

"పద్ధతి కాదు సార్. దొంగకి దారి ఇచ్చేందుకు ముందే ఈల వేసే వాచ్‌మన్ పని. మసిపూసి మారేడుకాయ చేసేది వాళ్ళయితే, ఆ కాయకి మార్కులు వేసేది మనం. ఈ నివేదిక మీద నేను సంతకం పెట్టను."

"మీరు కాకపోతే ఇంకొకరు పెడతారు. రెండో గొట్టం ఎలాగూ వస్తుంది. అరవకండి, డ్రైవరు వింటున్నాడు."

"విననివ్వండి" అంది.

ఇంటికొచ్చాక ఆ కోపం గిన్నెల మీదికి మళ్ళింది. ఆ చప్పుడుకు భర్త వచ్చి, ఆమె ముఖం చూసి, మార్కుల సంగతి ఎత్తకుండానే వెనక్కి తగ్గాడు. సంతకం పెట్టకుండా చేతులు దులుపుకుంటే తన పరువు దక్కుతుంది, పిల్లకి ఊపిరి దక్కదు. ముందు చెప్పకుండా వెళ్తే ఒప్పందం మీరారని ప్లాంటువాళ్ళు మొత్తం నివేదికనే కొట్టేయిస్తారు. అదంతా అత్తగారికి చెప్పి, "ముందు చెప్పాలట అత్తయ్యా, ముందు చెప్పాలట" అంటూ ఒక గిన్నెను రెండోసారి తోమింది.

ఫోటో చూసిన రోజు తను అన్న మాటే నిజమైందని అత్తగారు దెప్పలేదు. "చెప్పడంలోనూ రకాలుంటాయి. మా ఆడపడుచు ఉండేది చూడు, ఏ రోజు వస్తుందో ఎప్పుడూ రాసేది కాదు. 'ఈ వేసవిలో వస్తున్నాను వదినా' అని ఒక్క ముక్క రాసి పడేసేది. ఏ పూట దిగుతుందో తెలియక వేసవంతా ఇల్లు అద్దంలా పెట్టుకోలేక చచ్చేదాన్ని" అంది.

మార్కులమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. తర్వాత చేతులైనా తుడుచుకోకుండా వెళ్ళి ఒప్పందం తీసి చదివింది. ముందుగా రాతపూర్వకంగా తెలపాలి అని ఉంది. ఏ రోజు అని తెలపాలని ఎక్కడా లేదు.

మర్నాడు పెద్దసారు ముందు ఒక ఉత్తరం పెట్టింది. ఈ ఏడాది ముగిసేలోగా ఏ రోజైనా, ఏ వేళైనా తమ బృందం వస్తుందని, ఇదే ముందస్తు సమాచారమని అందులో ఉంది. అతను నీళ్ళు నమిలాడు. ఆనవాయితీ కాదన్నాడు. పైవాళ్ళు ఏమంటారో అన్నాడు.

"చూసిందే రాస్తామన్నారు కదా సార్. నిన్న నేను బోసి తీగలు చూశాను. మీ రుమాలు కూడా చూశాను. రెండూ రాస్తాను."

పెద్దసారు చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. కాసేపు ఉత్తరంకేసి చూసి, సంతకం పెట్టాడు.

ఉత్తరం అందిన రోజే ప్లాంటు మేనేజరు ఫోను చేశాడు. గొంతులో తేనె కారుతోంది.

"మేడం, తేదీ వెయ్యడం మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదు."

"అదేమిటండీ, ఏ రోజో తెలియకపోతే ఎలా? ఏడాది పొడుగునా ప్లాంటు ఆపుకుని కూర్చోలేం కదా."

అన్నదేమిటో అతనికే తెలిసేదాకా ఆగి, మార్కులమ్మ కలం అందుకుంది.

"ఇప్పుడన్న మాట మళ్ళీ ఒకసారి చెప్పండి. రాసుకుంటాను" అంది.

ఫోను పెట్టేశాడు.

ఆమె ఆ మాట ఉన్నదున్నట్టుగా నివేదికలో రాసింది. అట్ట మీది ఫోటోను మార్చలేదు. దుప్పట్లు, పరదాలు, చేతులు చాచి పరుగెత్తే పిల్ల అన్నీ అలాగే ఉన్నాయి. కింద తను రాసిన వాక్యం మాత్రం కొట్టేసి, కొత్తది రాసింది: "మేము వస్తున్నామని ప్లాంటుకు ముందే చెప్పిన రోజు."