చెప్పు చూద్దాం

గిన్నెలు ముందు సముద్రపు నీళ్ళతో తోమి, ఆఖర్న మాత్రం ఒక్క గ్లాసు మంచినీళ్ళతో తొలుస్తాను. ఉత్తరాన మంచుకొండలు తేలే ఈ లాబ్రడార్ తీరంలో ఎండాకాలమైనా సరే, ఆ నీళ్ళు వేళ్ళని కొరికేస్తాయి. చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకుంటుంటే పడవ పైతట్టునుంచి మా ఆయన మర్డాక్ గొంతు వినిపించింది.

"వెర్నా! గ్యాస్ కట్టేశావా?"

"కట్టేశాను."

"నిజంగా కట్టావా, కట్టాననుకుంటున్నావా?"

వెళ్ళి చూశాను. కట్టే ఉంది. అయినా ఇంకోసారి తిప్పి చూశాను. ఈ వేసవిలో నాకు కొత్తగా పట్టుకున్న అలవాటిది. నా చేతులు చేసిన పనిని నా కళ్ళే నమ్మవు.

మర్డాక్ పేపరు మిల్లులో రిటైరైన రోజు లూనెన్‌బర్గ్‌లో మా ఇంట్లో కేకు కోసి, ఇక ఇద్దరికీ విశ్రాంతే అన్నారు అందరూ. వంట, ఉతుకు, చెమ్మెక్కిన దుప్పట్లు ఆరెయ్యడం, అన్నీ నాతోపాటు ఈ తెరచాప పడవెక్కాయి. విశ్రాంతి మాత్రం అతనితో ఎక్కింది. "ఇది మన కల" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఆ కల నాకెప్పుడు వచ్చిందో నన్నెవరూ అడగలేదు.

పెళ్ళైన కొత్తల్నుంచీ అతనికో సరదా ఉంది. నలుగురిలో నావైపు తిరిగి, "కాలేజీ చదివినదానివి కదా, చెప్పు చూద్దాం" అంటాడు. ఏ నది ఎక్కడ కలుస్తుంది, ఏ ఓడ ఏ ఏడు మునిగింది. తప్పు చెబితే, అసలు జవాబు తనే చప్పరించుకుంటూ చెప్పి, భోజనం అయ్యేదాకా నవ్వేవాడు. ఈ వేసవిలో ఆ సరదా బాగా ముదిరింది. చెప్పు చూద్దాం, ఇవాళ ఏం వారం? మంచినీళ్ళు ఎక్కడ నింపాం? ఈ రేవు పేరేంటి? నేను బడిపిల్లలా టకటకా చెప్పేదాన్ని. చెప్పగలిగినందుకు లోపల సంతోషించేదాన్ని కూడా.

మొన్నటి సంగతి వేరు. ఈ తీరంలో ఏ పడవ చూసినా మగవాడు చుక్కాని దగ్గర, పెళ్ళాం ముందుకొసన లంగరు గొలుసు దగ్గర. గొలుసుకి కొలతలు తెలిసేలా ఏటా నేనే రంగులు వేస్తాను. అతను వెనకనుంచి రంగు పేరు అరుస్తాడు, నేను అంతవరకు వదులుతాను. మొన్న "ఎరుపు" అన్నాడు. ఎరుపు దాకా వదిలాను. వదిలిన గొలుసు చాలక, తెల్లారేసరికి లంగరు పట్టు తప్పి పడవ రాళ్ళవైపు జారుతోంది.

"పసుపు దాకా వదలమన్నాను కదా! ఎరుపని ఎవడు చెప్పాడు నీకు?"

ఎరుపనే విన్నాను. విన్నాననుకున్నానా? పడవని బయటికి లాగాక అతను నెమ్మదిగా అన్నాడు, "మీ అమ్మకీ ఇలాగే మొదలైంది, గుర్తుందా?" ఆ మాట ఎరుపుకంటే, పసుపుకంటే గట్టిగా నాలో దిగింది.

ఆ మధ్యాహ్నం పక్క పడవనుంచి ఊనా చిన్న పడవ తెడ్డేసుకుంటూ వచ్చింది. ఆమె, భర్త లోర్న్ న్యూఫౌండ్లాండ్ వాళ్ళు. బెల్లప్పాకం రొట్టె చేతికిచ్చి, నా చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"వెర్నా, తల్లీ, నా దగ్గర దాపరికమెందుకు? మర్డాక్ రేడియోలో చెప్పాడులే. మతిమరుపు మొదలైందటగా నీకు."

"ఎప్పుడు చెప్పాడు?"

"నువ్వు పైన దుప్పట్లు ఆరేస్తున్నప్పుడట. పాపం, ఎంత ఓపికో ఆయనకి! రేపు గ్రీన్‌లాండ్‌కి సముద్రం దాటేటప్పుడు నిన్ను ఒంటరిగా కాపలాకి పెట్టొద్దన్నాడు మా ఆయన."

పొద్దున్నే తీరంలోని పడవలన్నీ రేడియోలో పలకరించుకుంటాయి. అంటే నా బుర్ర సంగతి నాకంటే ముందు ఈ తీరమంతా విన్నది. రేపు బయలుదేరితే మళ్ళీ నేల కనిపించేదాకా మంచుకొండల మధ్య ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకోవాలి. బుర్ర చెడినవాళ్ళ వంతు వచ్చినప్పుడు ఏమవుతుంది?

కప్పులు కడుగుతూ అదే ఆలోచిస్తుంటే, ఒక సంగతి తట్టింది. ఈ వేసవంతా అడిగాడే, ఒక్కసారైనా తనంతట తను జవాబు చెప్పాడా? జవాబు చప్పరించే మనిషి, ఒక్కటైనా చప్పరించాడా?

పైకి వెళ్ళాను. మేమున్నది హెబ్రాన్. ఎదురుగా ఒడ్డున, ఎప్పుడో జనం వదిలిపోయిన పాత క్రైస్తవ మిషన్ ఇంటి పొడవాటి కప్పు. మనిషన్నవాడు లేడు. నెయిన్ రేవు ఇక్కడికి దక్షిణాన వెనకెక్కడో ఉండిపోయింది. అక్కడ దుకాణం ఉంది, పిల్లలు మా తాళ్ళు పట్టుకుని కట్టారు, పోయిన వారమే నీళ్ళు నింపుకున్నాం.

మర్డాక్ ఆ కప్పువైపే చూస్తున్నాడు. "చెప్పు చూద్దాం. ఈ రేవు పేరేంటి?"

"నెయిన్" అన్నాను.

మతి పోయిందా నీకు అని అరుస్తాడని ఎదురుచూశాను. ఇన్నేళ్ళ కాపురంలో అతని తిట్టుకోసం అంతగా ప్రాధేయపడింది ఎప్పుడూ లేదు.

"కరెక్ట్. పర్వాలేదే, ఇవాళ బాగానే ఉన్నావు" అని నా వీపు తట్టాడు.

వెంటనే నా మొహంలోకి ఓరగా చూశాడు. పరీక్ష రాసిన పిల్లాడు టీచరు కళ్ళు వెతికినట్టు. అప్పుడర్థమైంది. నన్ను పరీక్షించడం లేదు. అడిగి తెలుసుకుంటున్నాడు. తన సంగతి తనకి తెలుసు. తన జబ్బుకి నా పేరు పెట్టి ఊరందరికీ వినిపించాడు. జాలి వేసింది. దాన్ని కోపం పక్కనే కూర్చోబెట్టాను, కోపాన్ని లేవమనలేదు.

మర్నాడు పొద్దున్న రేడియోలో లోర్న్ ఒక్కో పడవనీ పేరుతో పిలుస్తూ మా పెట్రెల్ దగ్గరికి వచ్చాడు. "పెట్రెల్, ఎక్కడున్నారు, ఎటు వెళ్తున్నారు, అందరికీ చెప్పవయ్యా మర్డాక్."

మర్డాక్ మైకు బటన్ నొక్కాడు. నోరు తెరిచాడు. బటన్ వదలకుండానే నావైపు తిరిగి, నవ్వు తెచ్చుకుని అన్నాడు. "చెప్పు చూద్దాం వెర్నా, మనం ఎక్కడున్నాం?"

తీరమంతా వింటోంది. జవాబు అతని చెవిలో వేసేంత దగ్గరగానే ఉన్నాను. అతని వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి మైకు తీసుకున్నాను.

"పెట్రెల్. హెబ్రాన్‌లో ఉన్నాం. గ్రీన్‌లాండ్ వెళ్ళడం లేదు. దక్షిణానికి, ఇంటికి వెళ్తున్నాం."

రేడియో గరగరల్లోంచి లోర్న్ జాగ్రత్తగా అడిగాడు. "వెర్నా... ఏమీ అనుకోకు తల్లీ, ఓసారి మర్డాక్‌కి ఇస్తావా?"

"తను ఇప్పుడు ముందుకొసకి, గొలుసు దగ్గరికి వెళ్తున్నాడు లోర్న్. లంగరు ఎత్తాలి" అన్నాను. "చుక్కాని దగ్గర నేనుంటాను. ఏ రంగు దాకా లాగాలో నేను అరుస్తాను."