గుమ్మానికి వచ్చిన జబ్బు

నవంబరు పదకొండు. ఆ పొద్దున వెన్న రాసిన రొట్టె, ఉడికించిన గుడ్డు తిన్నామని తాతయ్యకు ఇప్పటికీ గుర్తు. మనవరాలికి తొమ్మిదేళ్లు నిండిన రోజది. ఏటా దాన్ని పడకగది గుమ్మానికి ఆనించి, నెత్తిన పుస్తకం పెట్టి, పెన్సిలుతో గీత గీసేవారు. కొత్త గీత సరిగ్గా పోయినేటి గీత మీదే పడింది. అంతకు ముందేటిదీ అక్కడే ఉంది.

"గుమ్మం పెరుగుతోంది నాన్నా," అని తేల్చేశాడు కొడుకు. వంతెనలు కట్టే ఇంజనీరు. "చెమ్మకి కర్ర ఉబ్బుతుంది. పిల్లతో పాటు గీతలూ పైకి పోతున్నాయి."

"మరి అన్నేసి కూజాల నీళ్లు తాగుతోందేంట్రా? పొద్దున్నే తలనొప్పీ?"

"నీ వంటలో ఉప్పు అలా ఉంది మరి!"

వడ్రంగిని పిలిపించారు. అతను గుమ్మాన్ని తట్టి, చెవి ఆనించి, నాడి చూసినట్టు చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి పెరుగుతోందంటారు?" అన్నాడు కొడుకు, బెంగగా.

ఇంతలో పిల్ల కూజాతో వచ్చింది. లోపలికి పోతూ కుడి భుజం కొట్టుకుంది. బయటికొస్తూ ఎడమ భుజం.

"ఏం పిచ్చుకా, కళ్లు నెత్తికెక్కాయా?" అని నవ్వాడు తండ్రి.

వడ్రంగి నవ్వలేదు. "ఇలా రామ్మా. నా ముక్కు వంకే చూడు." రెండు చేతులూ చాచి చెరొక పెన్సిలు పట్టుకున్నాడు. "కనిపిస్తున్నాయా?"

"ఏవి?"

చేతులు దాదాపు ముక్కు దాకా తెచ్చాక గానీ, "ఆ, ఎర్రవి!" అనలేదు.

"రంపం పట్టేవాణ్ణి, ఏటా కళ్ల డాక్టరు నా చూపు ఇలాగే చూస్తారు," అన్నాడు వడ్రంగి, పనిముట్లు సర్దుకుంటూ. "గుమ్మం నిక్షేపంలా ఉంది బాబూ. పిల్లని చూపించండి. రేపే."

స్కానింగు చూసిన డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి. దాని పక్కన ద్రాక్షపండంత గడ్డ. అది గ్రంథిని నొక్కుతోంది, అందుకే ఎదుగుదల ఆగింది, దాహం పెరిగింది. కంటినరాలనూ నొక్కుతోంది, అందుకే పక్కలు కనిపించడం లేదు.

"క్యాన్సరు కాదు. కానీ తీయాలి. ఇంకా ఆలస్యమైతే చూపు పోయేది. ఇంతకీ ఎవరు పంపారు?"

కొడుకు తల దించుకున్నాడు. "వడ్రంగి అండీ. గుమ్మానికి జబ్బేమోనని పిలిచాం."

ఆవిడ కాగితం మీద 'వడ్రంగి' అని రాసుకుంది, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఎల్లుండి ఆపరేషను. ఇంటికొచ్చేసరికి గుమ్మం రెండు పక్కలా వడ్రంగి మెత్తటి గుడ్డ కొట్టి వెళ్లాడు. పిచ్చుక అలవాటుగా భుజం తగిలించి, నొప్పి లేక, ఆశ్చర్యంగా మళ్లీ తగిలించి చూసింది.

అది నిద్రపోయాక తాతయ్య కూజా నిండా నీళ్లు దిండు దగ్గర పెట్టాడు. మూడేళ్ల గీతలూ ఒకటైన చోటును వేలితో ఒకసారి తడిమి, తలుపు దగ్గరికి వేశాడు. గుడ్డకు ఆని, అది చప్పుడు లేకుండా మూసుకుంది.