సూ-చిన్ ఖాతాలో పిల్లి తిండి

ఖర్చుల లెక్కకు పెట్టుకున్న మొదటి యాప్‌లో ఒక పందిపిల్ల బొమ్మ ఉండేది. సూ-చిన్ ఖర్చు పెట్టిన ప్రతిసారీ అది బొటబొటా కన్నీళ్ళు కార్చేది. ఒక కప్పు పాల టీకి కూడా అంత ఏడుపు ఏడ్చే జీవితో కాపురం తన వల్ల కాదని ఆమె నాలుగో రోజే దాన్ని తీసిపారేసింది. రెండో యాప్ ప్రతి ఖర్చూ చేత్తో రాయమంది. పగలంతా బీమా ఆఫీసులో అంకెలు కొట్టి వచ్చిన మనిషిని ఇంటికొచ్చాక మళ్ళీ అంకెలు కొట్టమంటే ఒళ్ళు మండదా? తొమ్మిది రోజులకు దాని పనీ అయిపోయింది.

మూడోది మాత్రం చేతికి అమరిన కత్తెరలా కుదిరింది. తైవాన్‌లో కొట్లో ఏది కొన్నా బిల్లు మీద లాటరీ నంబరు ఉంటుంది. రెండు నెలలకోసారి డ్రా తీస్తారు. కాగితాలు దాచుకునే ఓపిక లేనివాళ్ళు ఫోన్‌లో తమ బార్‌కోడ్ చూపిస్తే బిల్లు నేరుగా వాళ్ళ బిల్లుల ఖాతాలో పడుతుంది. ఈ యాప్ ఆ ఖాతాలోని బిల్లులన్నీ తనే లాక్కొని, తిండి ఎంత, బట్టలు ఎంత అని పద్దులు విడదీస్తుంది. బిల్లులివ్వని బండివాళ్ళ దగ్గర తిన్నవి మాత్రం చేత్తో రాసుకోవాలి. ఆమాత్రం కష్టానికి సూ-చిన్ ఒప్పుకుంది.

ఆమెకు ఈ లెక్క సరదా కోసం కాదు. చియాయి రైలు స్టేషన్ వెనక వీధిలో ఒక చిన్న గది ఖాళీ అయింది. అందులో ఆల్టరేషన్ కొట్టు పెట్టాలని ఆమె కోరిక. దాచుకున్నది నాలుగు లక్షల ఇరవై వేల తైవాన్ డాలర్లు. ఇంటి ఖర్చు నెలకు ఇరవై రెండు వేలు దాటకపోతే, ఒక్క గిరాకీ రాకపోయినా కొట్టు అద్దెతో సహా ఏడాది నెట్టుకురావచ్చు. ఏడాది చాలు. ముప్పై ఎనిమిదేళ్ళ సూ-చిన్‌కు తన కుట్టు మీద అంత నమ్మకం. గది యజమాని వెంగ్ బుధవారం లోపల ఏదో ఒకటి తేల్చమన్నాడు.

నమ్మకం లేనిది తల్లి యుయె-షియాకే.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనేది ఆవిడ, కూతురు ఎదురుపడినప్పుడల్లా. "నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం మానేసి ప్యాంట్లు పొట్టి చేస్తుందట."

ఆదివారం పొద్దున యాప్ ఆరు నెలల బిల్లులు కూడి సగటు చూపించింది. నెలకు ముప్పై ఒక్క వేల నాలుగు వందలు. సూ-చిన్ ఆ అంకె మళ్ళీ చదివింది. ఈ లెక్కన కొట్టు ఏడాది కాదు, పది నెలలు కూడా నిలవదు. వెంగ్‌కు వద్దని చెప్పడానికి అతని నంబరు తీసింది కూడా. కానీ ఇంత డబ్బు తను దేనికి తగలేసిందో తెలుసుకోకుండా ఓడిపోవడం ఆమెకు నచ్చలేదు. జాబితా తెరిచింది.

మూడో వరుసలోనే ఎనిమిది కిలోల పిల్లి తిండి కనిపించింది. వాళ్ళింట్లో పిల్లి లేదు. పిల్లి ఉన్నది పక్క సందులో ఉండే పిన్ని అ-కుయ్ ఇంట్లో.

కబురందుకున్న అ-కుయ్ వేడి సోయా పాలతో సహా వచ్చి కూర్చుంది.

"అవునే, నీ కోడ్ ఫోన్ వెనక అంటించుకున్నా. దానికి రెండుసార్లు నాలుగేసి వేలు తగిలాయా లేదా? అదృష్టం ఉన్న చోటే కదా బిల్లు వేసుకోవాలి."

"తగిలితే డబ్బు నా బ్యాంకులో పడుతుంది పిన్నీ. నీకేం వస్తుంది?"

"ఎందుకు ఇవ్వవు? నేను పెంచిన పిల్లవి."

"ఇంకెవరికైనా ఇచ్చావా?"

"మా మాజాంగ్ ఆటలో ముగ్గురికి. వాళ్ళలో ఒకావిడ తన కోడలికి కూడా ఇచ్చినట్టుంది, నేను అడగలేదు."

డబ్బు ఎవరిది వాళ్ళే కట్టుకున్నారు, బిల్లులు మాత్రం ఈమె లెక్కలోకి వచ్చిపడ్డాయి. సూ-చిన్ కోడ్ ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది. ఆమె ఒక్కో బిల్లూ పైకి చదవసాగింది. బీరు డబ్బాలు, జుట్టుకు రంగు, పసిపిల్లల డైపర్లు. అ-కుయ్ పేర్లు చెబుతుంటే తన లెక్కలోంచి కొట్టేస్తూ పోయింది.

"మోకాలి పట్టీ ఎవరిది?"

"అది మాత్రం చెప్పను. తనకు ఏ నొప్పులూ లేవని ఆవిడ వీధంతా చెప్పుకుంటోంది."

పక్కన యుయె-షియా తలెత్తకుండా చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

గంట గడిచేసరికి సగటు ఇరవై ఒక్క వేల మూడు వందలకు దిగింది. సూ-చిన్‌కు ప్రాణం లేచివచ్చింది. కొట్టు నిలుస్తుంది. కానీ ఎవరివో తెలియని నాలుగు బిల్లులు మిగిలాయి. వాటినీ తన ఖర్చులో కలిపితే సగటు ఇరవై రెండు వేలు దాటిపోతుంది.

"మార్చిలో ఆవిరి ఇస్త్రీపెట్టె. మేలో దర్జీ కత్తెరలు రెండు. జూలైలో అరవై రంగుల దారపు రీళ్ళు. పోయిన వారం నిలువుటద్దం. ఇవెవరివి పిన్నీ?"

"నాకు గుండీ కుట్టుకోవడమే రాదు" అని అ-కుయ్ సోయా పాల గ్లాసులోకి తలదూర్చింది.

సూ-చిన్ తల్లి వైపు తిరిగింది. యుయె-షియా ఈనెలు తీసేసిన చిక్కుడుకాయకే మళ్ళీ ఈనె తీస్తోంది.

"అమ్మా, ఇవి నీవా?"

"ఆఫర్‌లో ఉంటే తీసుకున్నా."

"నిలువుటద్దం కూడా ఆఫరేనా?"

"మరి నువ్వు కుట్టింది వేసుకున్న మనిషి ఎక్కడ చూసుకోవాలి, నీ మొహంలోనా?"

"అన్నీ ఎక్కడున్నాయి?"

"మీ పిన్ని మంచం వెనక."

అ-కుయ్ కిటికీలోంచి ఎవరినో చూస్తున్నట్టు నటించింది.

సూ-చిన్ ఫోన్ పక్కన పెట్టింది. ఇన్ని నెలలూ తల్లికి తన మీద నమ్మకం లేదనుకుంది. ఆ బాధ ఎంత బరువుగా ఉందో అది దిగిపోయాకే తెలిసింది.

"రహస్యంగా కొన్నదానివి నా కోడ్ ఎందుకు చూపించావమ్మా?" అంది నవ్వుతూ.

"లాటరీ తగిలితే? ఊరికే పోగొట్టుకుంటామా?"

"మరి రోజూ ఆ తిట్లేంటి?"

"తిట్టకపోతే నువ్వు ఇంత గట్టిగా లెక్కలు వేసుకునేదానివా?" యుయె-షియా చిక్కుళ్ళ పళ్ళెం పక్కకు నెట్టింది. "ఇస్త్రీపెట్టెకి గ్యారంటీ ఏడాదే. కొని ఆర్నెల్లయింది, ఇంకా డబ్బాలోనే ఉంది. వెంగ్‌కి ఫోన్ చెయ్యి."