కన్నడలో ముందే చూసిన సీరియల్

తమిళ, కన్నడ సీమల సరిహద్దులో ఉన్న తళి దగ్గర గులాబీ తోట షెడ్డులో సుధామణి పని, పూలకాడల్ని పొడవు చూసి వేరుచేసి ఇరవై ఇరవైగా కట్టడం. తొమ్మిదేళ్ళుగా అదే బల్ల. అవతలి పక్క మూడేళ్ళు నేత్ర నిలబడింది. చేతులు పూల మీద, మాటలు ముందు దినం చూసిన సీరియల్ మీద.

"ఆ మొగుడు ఏడిస్తే ముక్కు పట్టుకుంటాడే గానీ కంట్లో చుక్క రాదక్కా," అనేది నేత్ర.

"ఆ చుక్క పెండ్లాం సీన్‌కి దాచి పెట్టినారులే," అనేది సుధామణి.

ఇద్దరికీ నచ్చింది అత్త గిరిజమ్మ. ఆ వేషం వేసినామె చిక్కుడుకాయల ఈనె తీస్తూ కోడల్ని తిడుతుంది. ఈనె నిజంగానే తీస్తుంది. వంట చేసిన చెయ్యి అది అని సుధామణి తీర్పు.

నేత్ర పెళ్ళయి కావేరిపట్టణం పోయింది. ఆమె చోటికి వచ్చిన కలైసెల్వి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని చేస్తుంది. సుధామణి భర్త పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. ఉన్నది ఒక గది, ఒక టీవీ. ఎనిమిదింటికి నేత్ర ఫోన్ చేసేది. షెడ్డు దాటినాక సుధామణి ఒకరితో మాట్లాడేది అప్పుడే.

అందులో ఒక చిక్కు. తళిలో వాళ్ళు చూసింది కన్నడ సీరియల్. నేత్ర అత్తగారింట్లో కన్నడ ఎవరికీ రాదు. అదే సీరియల్‌ని తెలుగు డబ్బింగ్‌లో చూస్తారు. అది ఆరు నెలలు వెనక నడుస్తుంది. మొదటి ఆరు నెలలు నేత్ర చూసిందే చూసింది. తర్వాత అంతా ఆమెకు కొత్త. సుధామణి ఏడింటికి కన్నడలోనూ ఏడున్నరకు తెలుగులోనూ చూసేది, నేత్రతో మాట్లాడాలి కాబట్టి. కన్నడది మానేసినానని నేత్రకు చెప్పింది.

"పత్రాలు దాచింది ఎవరంటావక్కా?"

"నాకేం తెలుసు. చూద్దాం."

"చిన్నకోడలే. పందెం."

"సరే, పందెం."

ఉగాది వారంలో కన్నడలో గిరిజమ్మ చచ్చిపోయింది. మరునాడు సుధామణి ఉండబట్టలేక బల్ల దగ్గర ఆ మాట అనేసింది. కలైసెల్వి ఒక చెవిలోది తీసి, "మీ చుట్టమా అక్కా?" అని అడిగింది. కాదని తెలిశాక మళ్ళీ పెట్టుకుంది.

నేత్రకు తెలియకుండా ఐదున్నర నెలలు దాచింది. ఒక రోజు నేత్ర, "పెద్దకొడుకుని తిట్టేటప్పుడు చూసినావా, గొంతు పెంచకుండానే తిట్టింది," అంది.

"ఆయమ్మ పోయినాక ఇంక దాంట్లో చూసేదానికి ఏముందిలే," అంది సుధామణి.

అటుపక్క టీవీ శబ్దం తగ్గింది.

"గిరిజమ్మ పోతాదా?"

"అది కాదు నేత్రా."

"కన్నడలో ముందే చూసేసినావా? అన్నీ తెలిసే ఇన్ని దినాలు నాతో పందెం వేసినావా?"

మరునాడు ఎనిమిదింటికి ఫోన్ రాలేదు. సుధామణి చేస్తే, "పనుండాదక్కా," అని నేత్ర పెట్టేసింది. ఆ తర్వాత రెండుసార్లు చేస్తే ఎత్తలేదు.

పదిహేను రోజులకు తెలుగులోనూ గిరిజమ్మ పోయింది. సుధామణి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఎనిమిదింబావు దాకా ఆగి తనే చేసింది. ఈసారి నేత్ర ఎత్తింది.

"ఈ దినం చూసినావా?"

"లేదక్కా. నిలిపేసినాను. చచ్చేది తెలిసినాక యాడ చూసేది? మా అత్త తమిళంలో వేరే సీరియల్ పెడతాది. అదే చూస్తాండా."

"ఎన్నింటికి? ఏ చానెల్?"

నేత్ర చెప్పింది.

మరునాడు సుధామణి అది పెట్టింది. సీరియల్ మొదలై రెండేళ్ళయింది. వంటింట్లో ఇద్దరాడవాళ్ళు, మాటల్లేవు. ఒకాయన సంచీ తీసుకుని బయటికి పోయాడు. సుధామణికి తమిళం వచ్చు. అయినా ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి తప్పో తెలియలేదు. ప్రకటనలు రాగానే ఫోన్ చేసింది.

"నేత్రా, ఆ పచ్చచీర ఆమె ఎవరు? ముద్ద మింగేటప్పుడు తల వంచుకునిందే, ఆమె. బాగా చేసింది."

ఫోన్‌లో అవే ప్రకటనలు వినిపించాయి.

"నిజంగా తెలీదా?" అంది నేత్ర.

"ఒట్టు. ఒక్కరు కూడా తెలీదు."

"అది మొదట్నించి చెప్పాలక్కా. ఇప్పుడు కాదు, మామకు అన్నం పెట్టాల. రేపు చెప్తా."

సుధామణి మిగతా భాగం చూసింది. పచ్చచీర ఆమె మళ్ళీ కనిపించలేదు.